ముక్క తెస్తేనే ముడి

కొడుకుని మింగిన తల్లి అంటున్నారు ఆవిడని. ఐసు ఫ్యాక్టరీ దగ్గర అంటున్నారు, చేపల గంపల దగ్గర అంటున్నారు, నేను పక్కనే ఉన్నానని తెలిసి కూడా అంటున్నారు. నోటికి తాళం లేని మనుషులు! వీళ్ళలో ఒక్కరికీ అసలు సంగతి తెలియదు. ఆ మధ్యాహ్నం షెడ్డులో ముగ్గురమే ఉన్నాం. ఆవిడ, ఆవిడ కొడుకు, నేను. కొడుకు లేడు. ఆవిడ చెప్పదు. ఇక మిగిలింది నేనే. మొదటి నుంచీ చెప్తాను. మధ్యలో కోపం వచ్చి ఒకటి రెండు మాటలు తూలితే ఓర్చుకోండి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ సంగతి రేవంతా ఎరుగును.

ఆవిడ వలలు బాగుచేసే మనిషి. మా రేవులో ఆ పని చేసే ఆడవాళ్ళం తొమ్మిదిమంది. జెట్టీ పక్కనున్న రేకుల షెడ్డు మాది. మూడు వైపులా గోడ, నాలుగో వైపు సముద్రం. ఎండ కాస్తే రేకు కింద ఉడుకుతాం, వాన వస్తే ఆ నాలుగో వైపు నుంచి తడుస్తాం. చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి సాగదీస్తాం. పీలికలైన అంచు కత్తిరిస్తాం. ఎన్ని కళ్ళు పోయాయో లెక్కపెడతాం. వలలో ఒక్కో గడిని కన్ను అంటాం మేము. పోయినన్ని కళ్ళు నైలాను దారంతో మళ్ళీ అల్లి అతుకు వేస్తాం. వినడానికి ఇంతే. చేసి చూస్తే నడుము ఎక్కడుందో తెలుస్తుంది.

నాకీ పని నేర్పింది ఆవిడే. నా కన్నా పదేళ్ళు పెద్ద, అక్కా అని పిలుస్తాను. నేర్పేటప్పుడు అక్కలా కాదు, అత్తలా నేర్పింది. ముడి వదులుగా పడితే సూది, అదే దారం చుట్టి నింపుకునే జానెడు బద్ద, వెనక్కి తిప్పి వేళ్ళ మీద టపీమని కొట్టేది. "ముడి జారితే చేప పోతుంది. చేప పోతే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదు. నువ్వు కట్టేది దారం కాదే మొద్దూ, కూడు!" అనేది. ముప్పై రెండేళ్ళు అదే చోట కూర్చుంది. దారం లాగీ లాగీ ఆవిడ చూపుడువేలి మీద ఒక గాడి పడిపోయింది, అందులో దారం పెడితే సరిగ్గా కూర్చునేది.

భర్త జ్వరంతో పోయినప్పుడు కొడుక్కి నాలుగేళ్ళు. వాణ్ణి షెడ్డులోనే పెంచింది. వలల గుట్ట మీదే వాడి పడక, తేలుడు బంతులే వాడి ఆటవస్తువులు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేవాడని బుడ్డోడు అన్నాం. ఆ తర్వాత వాడు తాడిచెట్టంత ఎదిగాడు, గుమ్మంలో తల వంచుకొని రావాల్సి వచ్చేది, అయినా బుడ్డోడే. పెళ్ళయి సొంతంగా పడవ నడిపే సరంగు అయ్యాక కూడా అదే పేరు. వాడు నన్ను పిన్నీ అనేవాడు. షెడ్డులోకి వస్తే ముందు వాళ్ళమ్మ జడ లాగి, తర్వాత నా సూది దాచేసి, అప్పుడు గానీ విషయం చెప్పేవాడు కాదు.

ఇక నియమం సంగతి. మూడేళ్ళ క్రితం ఒక పొద్దున ఒడ్డుకి ఒక వలగుట్ట కొట్టుకొచ్చింది. బండెడు ఉంటుంది. అందులో నీళ్ళ సీసాలు, సంచులు, తెగిన చెప్పులు, నాచు, అన్నీ చిక్కుకొని ఉన్నాయి. మధ్యలో ఒక పెద్ద తాబేలు. మెడ చుట్టూ నైలాను బిగుసుకుపోయి, కళ్ళు తెరుచుకొనే చచ్చిపోయింది. చేపలైతే లెక్కలేదు. కొన్ని కొత్తవి, కొన్ని ముళ్ళు మాత్రమే మిగిలినవి. కంపు కొడుతుంటే మేమంతా కొంగులు అడ్డం పెట్టుకున్నాం. అక్క మాత్రం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆకుపచ్చ దారంతో వేసిన ఒక అతుకుని ఒళ్ళోకి లాక్కుంది. ప్రతి మనిషి ముడికీ ఒక తీరు ఉంటుంది, చేతిరాత లాగే. అక్క వరస చివర రెండో చుట్టు వేసి బిగిస్తుంది.

"ఇది నేను కట్టిందే. ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది," అంది. "తాబేలు మెడ సరిగ్గా నా అతుకులోనే పట్టింది. పక్కన పాత వల చిరిగిపోయింది, నాది చిరగలేదు. చూడవే, ఇంకా ఎంత గట్టిగా ఉందో."

ఇంకొకరైతే గొప్పగా చెప్పుకునే మాట అది. ఆవిడ చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ వల అక్కడికి ఎలా వచ్చిందో మా అందరికీ తెలుసు. కొత్త సంగతేం కాదు. వల రాతికి పట్టేస్తే, పట్టిన మేరకు కోసేసి మిగతాది లాక్కొస్తారు. బాగా పాడైతే మొత్తంగానే నీళ్ళలోకి తోసేస్తారు. పడవలో చోటు చేపలకే చాలదు, ఇక చిరిగిన వలకెక్కడ? పూర్వం నూలు వలలు, నాలుగు నెలల్లో కుళ్ళి పోయేవి. పాపం ఏమీ లేదు. నైలాను కుళ్ళదు. అలవాటు మాత్రం నూలునాటిదే ఉండిపోయింది. మనం కట్టిన ముడి మనం పోయాక కూడా చేపల్ని పడుతూనే ఉంటుంది, పట్టిన చేపని ఎవరూ తినరు. అది అరిగి పొడైతే ఆ పొడిని చేపలు తింటాయి, ఆ చేపల్ని మనం తింటాం.

మర్నాడు అక్క ముందుకి ఒక వల వచ్చింది. తెచ్చినవాడిని గొంతు సరంగు అంటాం, వాడు గుసగుసలాడినా జెట్టీ చివరిదాకా వినిపిస్తుంది. అక్క వల సాగదీసి లెక్కపెట్టింది.

"ఇక్కడ మూడు వందల కళ్ళు పోయాయి. ఆ మూడు వందలూ ఏవి?"

"సముద్రంలో ఉన్నాయి వదినా! నీకెందుకు? కట్టు," అన్నాడు.

"పోయిన ముక్క తెస్తేనే ముడి వేస్తాను. తేకపోతే నీ వల నువ్వే కట్టుకో."

నవ్వాడు. ఆవిడ వల మడిచి వాడి చేతుల్లో పెట్టింది. వాడు మా దగ్గరికి వచ్చాడు. అక్క అప్పటికే మా ఎనిమిదిమంది చేతా మాట తీసుకుంది, ఒకరు కాదంటే అందరం కాదనాలని. వాడు వారం రోజులు ఊగిపోయాడు. "ఆవిడ కట్టదు, ఇంకొకరిని కట్టనివ్వదు! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు!" అని జెట్టీ అంతా అరిచాడు. ఆవిడకి ముక్కలక్క అని పేరు పెట్టింది వాడే. ఎనిమిదో రోజు చిరిగిన ముక్క భుజాన వేసుకొని వచ్చి షెడ్డు ముందు విసిరేశాడు. అక్క దాన్ని పరిచి, కళ్ళు లెక్కపెట్టుకొని, అప్పుడు సూది పట్టింది.

ఆ తర్వాత ఒక్కొక్కరే దారికొచ్చారు. షెడ్డు వెనక ముక్కల గుట్ట పెరిగింది. నెలకోసారి లారీ వచ్చి కరిగించడానికి తీసుకెళ్ళేది. రెండేళ్ళు తిరిగేసరికి పడవల కింద తిరిగే ఫ్యాను రెక్కలకి వల చుట్టుకోవడం తగ్గింది. ఒడ్డుకి తాబేళ్ళ శవాలు కొట్టుకురావడం తగ్గింది. వలల్లో చేపలతోపాటు పడిన సీసాలు, సంచులు కూడా వాళ్ళంతట వాళ్ళే తెచ్చి గుట్టలో వేసేవారు. చివరికి గొంతు సరంగే కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరో వచ్చి ఆవిడ ఫోటో తీసుకెళ్ళారు. పేపర్లో వచ్చింది. పక్కన నా మోచెయ్యి కూడా పడింది, మోచెయ్యి మాత్రమే.

నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు. పని అందరం చేస్తాం, పేరు ఆవిడకా? ఆ కుళ్ళుతో చేశానో, మొహమాటంతో చేశానో తెలియదు, ఇంటి దగ్గర దొంగచాటుగా కట్టడం మొదలుపెట్టాను. ముక్క తేలేనివాళ్ళు సాయంత్రం మా పెరటి తలుపు కొట్టేవారు. పిన్నీ, ఈ ఒక్కసారికి అనేవారు. ఈ ఒక్కసారి అంటూ ఏడాది పొడవునా కట్టాను. అక్కకి తెలియదనే అనుకున్నాను.

ఒక రోజు వేరే చిరుగు కోసం ఒక వల షెడ్డుకి వచ్చింది. అక్క దాన్ని సాగదీస్తూ ఆగింది. అందరూ ఉన్నారు, ఇద్దరు ముగ్గురు సరంగులు కూడా ఉన్నారు.

"ఈ అతుకు ఎప్పుడు వేశావే?"

"ఏ అతుకు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"నీ చేతికి నేర్పింది నేను. నీ ముడి నాకు తెలియదనుకున్నావా? దీని ముక్క మన గుట్టలో లేదు. ఎంతమందికి కట్టావు ఇలా?"

తల తీసేసినట్టయింది. సరంగుల్లో ఒకడు కిసుక్కుమని నవ్వాడు. ఇంటికి పిలిచి నాలుగు తిట్టినా పడేదాన్ని, చెంప పగలగొట్టినా పడేదాన్ని. అందరి ముందూ ఏమిటి? నేనూ తక్కువ తినలేదు. "ఫోటో దిగిన మహాతల్లివి, నువ్వు చెప్తే వేదం!" అని సూది విసిరేసి వెళ్ళిపోయాను. మర్నాడు వచ్చి నా చోట కూర్చున్నాను గానీ మాట్లాడలేదు. నాలుగు రోజులు మా మధ్య ఉప్పూ నిప్పే.

ఐదో రోజు మధ్యాహ్నం. మిగతావాళ్ళు తిండికి ఇళ్ళకి వెళ్ళారు. నేను పంతం కొద్దీ వెళ్ళలేదు, ఆవిడ కన్నా ముందు లేవడం ఎందుకని. ఆవిడా అందుకే లేవలేదేమో. అప్పుడు బుడ్డోడు వచ్చాడు, భుజాన తడివల, ఒంటి మీద చొక్కా లేదు. జడ లాగలేదు. మూడు రోజుల నుంచీ గాలి ఎక్కువగా ఉంది, వాడు బాగా అలసిపోయి ఉన్నాడు.

"అమ్మా, రంపం రాళ్ళ దగ్గర పట్టేసింది. నాలుగో వంతు పోయింది. సాయంత్రానికి కట్టిస్తే రేపు చీకటితోనే వెళ్తా. చేపల గుంపు అక్కడే తిరుగుతోంది."

ఆవిడ వల అందుకోలేదు. "ముక్క ఏది?"

"కోసేశానమ్మా. గాలి చూశావుగా. పడవ తిరగబడేలా ఉంది."

"కోశావు సరే, ప్రాణం ముఖ్యం. గాలి తగ్గాక తెచ్చుకో. అప్పుడు కడతాను."

"గాలి తగ్గేదాకా చేపలు నా కోసం కూర్చుంటాయా? కట్టమ్మా, ముక్క తర్వాత తెచ్చిస్తా. ఒట్టు."

"అందరూ తర్వాతే అంటారు. నా కొడుకని కడితే రేపు ఎవడి దగ్గర ముక్క అడగను? మొహాన ఉమ్మేస్తారు. తీసుకెళ్ళు."

వాడు వల మళ్ళీ భుజాన వేసుకున్నాడు. తర్వాత పళ్ళికిలించుకుంటూ నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. వాళ్ళమ్మకి వినపడేలానే అన్నాడు, వాడికి దాపరికం ఎక్కడిది. "పిన్నీ, నువ్వు కట్టు. మా అమ్మ కళ్ళు మూసుకుంటుందిలే."

సాయంత్రానికల్లా నేను కట్టేసేదాన్ని. నా చేతులకి అది ఒక లెక్కా? వాణ్ణి నేను ఎత్తుకొని తిప్పాను. వాడికి మొదట సూది పట్టుకోవడం నేర్పింది నేను. కానీ ఐదు రోజులుగా కడుపులో మంట ఉంది కదా, అది ఎక్కడైనా కక్కాలి కదా.

"నాకెందుకు నాయనా?" అన్నాను గొంతు పెంచి. "నేను దొంగ ముడులు వేసేదాన్ని. నీతిమంతురాలు మీ అమ్మ ఉందిగా, అక్కడే అడుక్కో."

అక్క తలెత్తి నా వైపు చూసింది. నేనూ చూశాను. ఏదో అంటుందనుకున్నాను. తల దించుకుంది. బుడ్డోడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ కలిసి నన్ను చంపేస్తారు," అని నవ్వుతూ లేచాడు. పోయే ముందు అలవాటుగా నా సూది తీసుకెళ్ళి అవతల గుట్ట మీద పెట్టాడు. తెచ్చుకోవడానికి లేస్తూ వాణ్ణి తిట్టాను.

మర్నాడు తెల్లవారాక చిన్న పడవ వేసుకొని, తోడు ఒకణ్ణి తీసుకొని రంపం రాళ్ళకి వెళ్ళాడు. వేటకి కాదు, ముక్క కోసం. ఆ తోడు చెప్పింది ఇది. రాళ్ళ దగ్గర లోతు ఇద్దరు మనుషులంత. బుడ్డోడు నడుముకి తాడు కట్టుకొని, కత్తి పట్టుకొని ఊపిరి బిగబట్టి దిగాడు. రెండుసార్లు దిగి చాలావరకు విడిపించాడు. అల పెరుగుతోంది, ఇక చాలన్నాడు తోడు. "ఇంకో మూల ఉండిపోయింది. మా అమ్మ కళ్ళు లెక్కపెడుతుంది రా," అని నవ్వి మూడోసారి దిగాడట. విడిపించిన వల అల ఊపుకి వాడి మీదకే తిరిగింది. తోడు తాడు లాగాడు. వల బరువు, రాతి పట్టు, వాడి బరువు, అన్నీ కలిసి రాలేదు. ఇంజను వేసి లాగితే వచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది.

జెట్టీ మీద పడుకోబెట్టారు. ముఖం నుంచి మోకాళ్ళ దాకా వల చుట్టుకొని ఉంది. ఎవరో పెద్ద కత్తి తెచ్చారు. అక్క ఆ తెచ్చినవాడి చెయ్యి తోసేసింది. "మొహం తెగుతుంది," అంది. మేము దారం కత్తిరించుకునే చిన్న కత్తెర తీసుకొని వాడి తల దగ్గర కూర్చుంది. నేను ఇంకో కత్తెర తీసుకొని కాళ్ళ వైపు కూర్చున్నాను. ఒక్కో కన్ను కత్తిరించుకుంటూ వచ్చాం. కత్తెర జారి రెండుసార్లు వాడి ఒంటికి తగిలింది, "నొప్పి పుట్టిందా నాన్నా," అన్నాను. పిచ్చిదాన్ని. ఆ పనంతా అయ్యేలోపు ఆవిడ ఒక్క మాటే అంది, ఇటు తిప్పమని.

కోడలు ఐసు ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చింది, ఒంటి మీద తడి గోనె ఇంకా అలాగే ఉంది. మొగుడి పక్కన కూలబడుతుందనుకున్నాం. కూలబడలేదు. కత్తిరించిన వల ముక్కలు రెండు చేతులా ఎత్తి అత్త ఒళ్ళో కుక్కింది.

"తెచ్చాడుగా ముక్క! లెక్కపెట్టుకో! ఇప్పుడు కట్టు! కట్టవేం?"

ఎవరూ ఆపలేదు. అక్క ఆ ముక్కల్ని ఒళ్ళోనే పట్టుకొని కూర్చుంది. కొడుకుని మింగిందన్న మాట అక్కడే పుట్టింది. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచి, నా దగ్గరికీ వచ్చాడు, నేనూ కాదన్నాను అని చెప్పాల్సింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, నా పిడికెడు నేను తీసుకోవాల్సింది. చెప్పలేదు. అరవమంటే రేవంతా వినపడేలా అరిచే నోరు ఆ రోజు పెగల్లేదు.

అన్నీ అయిపోయాక కోడలు తన బట్టలు సర్దుకొని పుట్టింటికి వెళ్ళిపోయింది. షెడ్డులో మేము ముక్కలు అడగడం మానేశాం. మానేద్దామని ఎవరూ అనలేదు, ఎవరికీ నోరు రాలేదు అంతే. మొదట్లో పడవలవాళ్ళు సిగ్గుపడి తెచ్చేవారు. తర్వాత సగం మంది తెచ్చేవారు. లారీ వచ్చి గుట్ట ఎత్తుకుపోయింది, బుడ్డోడి ముక్క కూడా అందులోనే పోయింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆపి ఏం చేసేదాన్ని? దాచుకునే వస్తువా అది?

నెల దాటాక ఒక పొద్దున అక్క వచ్చి తన చోట కూర్చుంది. పలకరిస్తే తలూపింది. బాగా చిక్కిపోయింది, వల సాగదీస్తుంటే ఆ వలే ఆవిణ్ణి లాగుతున్నట్టు ఉంది. ఆ రోజే గొంతు సరంగు వల తెచ్చాడు. ఆవిడని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ముక్క లేదు వదినా," అన్నాడు. మొదటిసారి వాడి గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడలేదు.

ఆవిడ చెయ్యి చాచి వల తీసుకుంది. బొటనవేలికి తగిలించి కళ్ళు లెక్కపెట్టింది. పెదాలు కదలడం చూశాను. తర్వాత సూది పట్టి కట్టడం మొదలుపెట్టింది. వాడు నిలబడలేక టీ కొట్టు వైపు వెళ్ళిపోయాడు.

"అక్కా, ముక్క అడగలేదు," అన్నాను.

"అడిగితే దాని కోసం వెళ్తాడే."

"మరి నీళ్ళలో ఉన్నది?"

"ఉంటుంది. పట్టేవాటిని పడుతూ ఉంటుంది. నాకు తెలియదా?"

ఇక నా వల్ల కాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ రోజు బుడ్డోడు వచ్చి గొంతుక్కూర్చున్న చోటు పక్కనే ఉన్నాను మరి. "ఆ రోజు నేను కట్టాల్సింది అక్కా. నీ మీద కోపంతో కాదన్నాను. నేను కట్టి ఉంటే..." అన్నాను. ఊరుకోవే, నీ తప్పేముంది అంటుందేమోనని ఎదురుచూశాను. ఆ మాట కోసమే అన్నానేమో కూడా.

ఆవిడ ముడి బిగించి, దారం గాడిలోంచి తీసి, నా వైపు తిరిగింది.

"నేను కాదన్నా నువ్వు కడతావనుకున్నానే. ఆ ధైర్యంతోనే కాదన్నాను," అంది.

మళ్ళీ వల వైపు తిరిగింది. సూదిలో దారం అయిపోయింది. ఖాళీ సూది నా వైపు చాచింది. నింపి ఇచ్చాను.